తెలుగులో చారిత్రక మర్మ నవల

గడిచిపోయిన ఒక కాలాన్ని రంగస్థలంగా తీసుకుని, ఆ కాలంలో జరిగిన హత్యనో, కుట్రనో, దొంగతనాన్నో, ఒక మనిషి మాయం కావడాన్నో కథకు ఇరుసుగా పెట్టి, చివరికి ఆ చిక్కు విప్పే నవల చారిత్రక మర్మ నవల. చారిత్రక నవల, అపరాధ పరిశోధక నవల ఇందులో కలుస్తాయి. తెలుగులో ఈ రెండూ నూరేళ్ళకు పైగా బలంగా సాగినా, ఒకదాన్నొకటి తాకిన చోట్లు తక్కువ. తెలుగు చారిత్రక నవలలో మారువేషాలు, విషప్రయోగాలు, సొరంగాలు, రహస్య ముద్రికలు కావలసినన్ని ఉన్నాయి. ఆధారాలు ఏరి, వాటిని పేర్చి, నేరస్థుణ్ణి చూపించే పరిశోధకుడు మాత్రం అరుదు. డిటెక్టివ్ నవలలో ఆ పరిశోధకుడు ఉన్నాడు గాని అతను తన కాలాన్ని దాటి వెనక్కి వెళ్ళలేదు. అందుకే తెలుగులో ఈ కోవకు ప్రత్యేకమైన అలమర ఏర్పడలేదు. ఏ చారిత్రక నవలలో మర్మం గట్టిగా ఉందో చదివినవారు చదవనివారికి చెప్పడం వల్లనే దీని ఉనికి నిలిచింది.

పూర్వరూపాలు

నేరాన్ని ఆధారాలతో విప్పడం ఈ దేశానికి కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో హఠాత్తుగా చనిపోయినవారి దేహాన్ని పరీక్షించే పద్ధతి ఉంది. శవానికి నూనె పూసి చూడాలని అది చెబుతుంది. గొంతు నులమడం, ఉరి, నీట ముంచడం, విషం — ఒక్కొక్కదానికి దేహం మీద కనిపించే గుర్తులేమిటో, మృతుడు తిన్న అన్నంలో మిగిలినదాన్ని ఎలా పరీక్షించాలో వివరిస్తుంది. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకం మొత్తం ఒక ఉంగరపు ముద్ర మీద, ఒక ఉత్తరం మీద, వేషం మార్చుకున్న చారుల మీద నడుస్తుంది. ప్రేమకథ లేకుండా రాజకీయ కుట్రనే ఇతివృత్తంగా తీసుకున్న అరుదైన సంస్కృత నాటకం అది. చాణక్యుడి గూఢచారి వ్యవస్థను పరిచయం చేయడానికి దాన్ని మించిన పుస్తకం లేదు.

తెలుగులో 13వ శతాబ్దపు కేతన దండి దశకుమారచరితను పద్యకావ్యంగా మలచి తిక్కనకు అంకితమిచ్చాడు. కన్నాలు వేసే దొంగలు, జూదరులు, మోసగాళ్ళు, రాత్రివేళ నగర వీధులు అందులో కనిపిస్తాయి. తరవాతి కాలంలో మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాసిన కాశీమజిలీ కథలు ఒక చిత్రాన్ని చూసి దాని వెనక కథ అడగడం అనే చట్రం మీద నడిచి, తెలుగువారికి రహస్యం కోసం పేజీ తిప్పే అలవాటు చేశాయి. మర్యాద రామన్న తీర్పుల కథల్లో సాక్ష్యాన్ని తూచే న్యాయాధికారి ఉన్నాడు. చైనాలో ఇలాంటి న్యాయాధికారి కథల్లోంచే చారిత్రక డిటెక్టివ్ పుట్టాడు. తెలుగులో రామన్న పిల్లల కథలకే పరిమితమయ్యాడు.

నవల రాక

తెలుగు నవల తొలి దశలోనే చరిత్ర వైపు చూసింది. రాజమండ్రి నుంచి వెలువడిన చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం రాసిన హేమలత (1896) రాజపుత్రుల, ఢిల్లీ సుల్తానుల కాలపు కథతో బహుమతి అందుకుంది. 1906లో హైదరాబాదులో మొదలై తరవాత మద్రాసుకు మారిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఈ పనికి ఒక ఉద్దేశాన్ని జోడించింది. దాన్ని నడిపిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు స్వయంగా చరిత్ర పరిశోధకుడు. మండలి చారిత్రక నవలలకు పోటీలు పెట్టి, చందాదారులకు చవకగా అందించింది. భోగరాజు నారాయణమూర్తి విమలాదేవి, కేతవరపు వెంకటశాస్త్రి రాయచూరు యుద్ధము ఆ వరుసలోవే. బంకించంద్రుని నవలల అనువాదాలు కూడా అదే కాలంలో విరివిగా వచ్చాయి. ఈ నవలలన్నిటికీ లక్ష్యం దేశాభిమానం. పాఠకుడికి తన పూర్వుల శౌర్యం తెలియాలన్న తపన వాటిని నడిపింది. చిక్కుముడికి రెండో స్థానమే దక్కింది.

తెలంగాణలో వరంగల్లు ప్రాంతపు ఇనుగుర్తికి చెందిన ఒద్దిరాజు సోదరులు రుద్రమదేవి నవల రాశారు. సొంతంగా గ్రంథమాల నెలకొల్పి, తరవాత అదే ఊరి నుంచి తెనుగు పత్రిక కూడా నడిపారు.

దాదాపు ఇదే సమయంలో బెంగాలీ రచయిత పాంచ్‌కొడి దే డిటెక్టివ్ కథలు అనువాదాలుగా, అనుసరణలుగా తెలుగులోకి దిగాయి. దేవరాజు వెంకటకృష్ణారావు వంటివారు అపరాధ పరిశోధక నవలలు రాశారు. చదువుకున్న ఇళ్ళలో చారిత్రక నవలకు పీట వేసి, డిటెక్టివ్ నవలను దిండు కింద దాచుకునే తేడా ఇక్కడే మొదలైంది. రెండు ప్రవాహాలూ కలవకపోవడానికి పెద్ద కారణం ఈ గౌరవ భేదమే.

బాపిరాజు, నోరి, విశ్వనాథ

చారిత్రక నవలలో మర్మాన్ని కథకు ప్రాణంగా చేసినవాడు అడవి బాపిరాజు (1895–1952). చిత్రకారుడు, కవి అయిన ఆయన 1940లలో హైదరాబాదులో మీజాన్ పత్రికకు సంపాదకుడుగా పనిచేశాడు. శాతవాహనుల కాలపు హిమబిందులో స్థౌలతిష్యుడు ఒక బాలికను విషకన్యగా పెంచి రాజకుమారుడి మీదికి ప్రయోగించాలని చూస్తాడు. హంతక ఆయుధమే ఒక మనిషి కావడం, ఆ మనిషికి మనసుండటం ఈ నవలకు పట్టునిస్తాయి. శిల్పాలు, వస్త్రాలు, నగల వర్ణనలు కథను కొన్నిచోట్ల ఆపుతాయన్నది నిజమే గాని, ఆ కాలంలో మనుషులు ఎలా కూర్చుని ఎలా మాట్లాడి ఉంటారో ఇంతగా కళ్ళకు కట్టిన తెలుగు రచయిత మరొకరు లేరు.

గోన గన్నారెడ్డి ఇంకా చిక్కనిది. పెళ్ళి వేళ వరుణ్ణి ఎత్తుకుపోయే గజదొంగగా గన్నారెడ్డి పాఠకుడికి పరిచయమవుతాడు. అతను ఎవరి పక్షమో, రుద్రదేవుడనే యువరాజు నిజానికి ఎవరో — ఈ రెండు ప్రశ్నలు కథను లాక్కుపోతాయి. మొదటి ప్రశ్నకు జవాబు చరిత్ర తెలిసినవారికి కూడా వెంటనే దొరకదు. గోన వంశం కల్పన కాదు. కాకతీయుల సామంతులుగా వర్ధమానపురం నుంచి పాలించినవారు. గన్నారెడ్డి అధికారి విఠలుడు రాయచూరులో కోట కట్టించినట్టు 1294 నాటి శాసనం ఉంది. శాసనాల్లో దొరికిన సేనాని పేరు తీసుకుని, అతని యవ్వనాన్ని ఒక రహస్యంగా ఊహించడం బాపిరాజు చేసిన పని. డిటెక్టివ్ నవలల పాఠకుడికి తెలుగు చారిత్రక నవలను మొదటిసారి చేతికివ్వాలంటే ఇవ్వవలసినది ఈ పుస్తకమే.

రేపల్లెలో న్యాయవాదిగా ఉన్న నోరి నరసింహశాస్త్రి నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి, కవిసార్వభౌముడు, ధూర్జటి వంటి నవలలు రాశాడు. నన్నయకు భారత రచనలో తోడ్పడిన నారాయణభట్టును ఆయన వేంగి రాజకీయాల నడుమ, చాళుక్య, చోళ పక్షాల ఎత్తుల మధ్య నిలబెట్టాడు. నోరి నవలల్లో హడావిడి లేదు. ఒక మాట ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో లెక్కగా చెబుతూ పోతాడు. ఆ నెమ్మదికి అలవాటుపడిన పాఠకుడికి, కుట్ర ఎక్కడ మొదలైందో తానే పట్టుకున్న తృప్తి దొరుకుతుంది.

విశ్వనాథ సత్యనారాయణ దారి వేరు. కోట వెంకటాచలం ప్రతిపాదించిన కాలగణనను ఆధారం చేసుకుని ఆయన పురాణవైర గ్రంథమాలగా 12 నవలలు, కాశ్మీర, నేపాల రాజవంశాల మీద మరో రెండు వరుసలు చెప్పాడు. పాతిపెట్టిన నాణెములు, దిండు క్రింది పోకచెక్క, దంతపు దువ్వెన — పేర్లే ఒక్కొక్క వస్తువును ఆధారంగా ముందు పెడతాయి. ఆ కాలగణనను వృత్తి చరిత్రకారులు అంగీకరించలేదు కాబట్టి వీటిని చరిత్ర పాఠంగా కాక కథలుగా చదవాలి. కథలుగా అవి ఎంతో వేగంగా సాగుతాయి.

తరవాతి తరంలో ముదిగొండ శివప్రసాద్ విస్తారంగా రాశాడు. హైదరాబాదు బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ అల్లిన రెసిడెన్సీ ఆయన నవలల్లో పేరున్నది.

డిటెక్టివ్‌ల కాలం

1950ల చివరి నుంచి రెండు దశాబ్దాలు తెలుగు డిటెక్టివ్ నవలకు పండగ రోజులు. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇంటింటి పేర్లయ్యారు. చీకటికి వేయి కళ్ళు, చావు కేక, ప్రాక్టికల్ జోకర్ వంటి నవలలు చేతులు మారి మారి నలిగిపోయాయి. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ అదే మార్కెట్‌లో వెలిగారు. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర కూడా ఆనకట్ట మీద హత్య వంటి అపరాధ పరిశోధక నవలలు రాశాడు. సాహిత్య చరిత్రను శాసనాల నుంచి తవ్వి తీసిన ఆ చెయ్యి డిటెక్టివ్ కథను కూడా రాసిందంటే, ఈ రెండు విద్యలకూ ఎంత చుట్టరికముందో తెలుస్తుంది. ఒకే నవలలో వాటిని కలిపి ఉంటే తెలుగుకు ఒక గొప్ప పుస్తకం దక్కేది. 1970లలో మధుబాబు షాడోతో కథ గూఢచర్యం వైపు మళ్ళింది. ఆ తరవాత వారపత్రికల సీరియళ్ళు క్షుద్రశక్తుల వైపు నడిచాయి.

ఈ నవలలన్నీ వర్తమానంలోనే జరుగుతాయి. కారు, టెలిఫోను, వేలిముద్రలు, పోలీస్ ఇన్‌స్పెక్టర్ లేకుండా యుగంధర్ లేడు. వేలిముద్రల విభాగం మనదేశంలో 1897లో కలకత్తాలో ఏర్పడింది. దానికి ముందు కాలంలో కథ పెట్టాలంటే రచయిత వేరే ఆధారాలు వెతుక్కోవాలి: ముద్రికలు, అడుగుజాడలు, దానశాసనంలో చెక్కిన పేరు, తలారి సాక్ష్యం, కొత్వాలు రోజునామా. ఆ వెతుకులాటే చారిత్రక మర్మ నవలకు అసలు కష్టం, అసలు అందం కూడా.

రుద్రమ మరణం: ఒక నిజమైన చిక్కు

తెలుగు నేల మీద పరిశోధకులు విప్పిన మర్మాల్లో కాకతి రుద్రమదేవి మరణం ముఖ్యమైనది. ఆమె 1295 ప్రాంతం వరకు పాలించి, మనుమడు ప్రతాపరుద్రుడికి రాజ్యం అప్పగించిందని చాలాకాలం రాస్తూ వచ్చారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం ఈ లెక్కను తలకిందులు చేసింది. 1289 నవంబరు నాటి ఆ శాసనంలో పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని సోమనాథ దేవుడికి భూమి దానం చేశాడు. ఎక్కడ, ఎలా చనిపోయారో అందులో లేదు. ఆ కాలంలోనే కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడు తిరగబడి ఉన్నాడు. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో తన విజయాలను చాటుకున్నాడు. రాణి, సేనాని ఒకే దానంలో కలిసి స్మరణకు రావడం, తిరుగుబాటు అప్పుడే సాగుతుండటం — ఈ రెండిటినీ జోడించి, అంబదేవుడితో పోరులోనే వారు మరణించి ఉంటారని శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి నిర్ణయించాడు.

బాపిరాజు, నోరి తమ నవలలు రాసేనాటికి ఈ సంగతి వెలుగులోకి రాలేదు. అందువల్ల ఆ నవలల్లోని రుద్రమను నేటి చరిత్రతో సరిపోల్చి తప్పులెన్నడం న్యాయం కాదు. ఇంగ్లీషులో జోసఫిన్ టే 1951లో రాసిన ది డాటర్ ఆఫ్ టైమ్ నవలలో ఆసుపత్రి మంచం మీదున్న పోలీసు అధికారి పుస్తకాలు, దస్తావేజులు మాత్రమే చదివి మూడో రిచర్డ్ మీద పడిన హత్యానిందను తిరగదోడతాడు. చందుపట్ల శాసనం అలాంటి తెలుగు నవలకు సిద్ధంగా ఉన్న ముడిసరుకు.

ఇతర భాషల్లో

ప్రపంచ సాహిత్యంలో ఈ కోవ 20వ శతాబ్దం మధ్యలో కుదురుకుంది. అగాథా క్రిస్టీ 1944లో ప్రాచీన ఈజిప్టులో ఒక కుటుంబంలో జరిగే హత్యల మీద నవల రాసింది. డచ్ దౌత్యవేత్త రాబర్ట్ వాన్ గులిక్ పాత చైనా నవలను 1949లో అనువదించి, ఆ తరవాత టాంగ్ వంశ కాలపు న్యాయాధికారి డీ కథలను తానే అల్లాడు. ఎల్లిస్ పీటర్స్ 1977లో మొదలుపెట్టిన బ్రదర్ కాడ్‌ఫెల్ నవలల్లో 12వ శతాబ్దపు సన్యాసి మూలికల జ్ఞానంతో హత్యలు ఛేదిస్తాడు. ఉంబెర్తో ఎకో 1980 నాటి ది నేమ్ ఆఫ్ ది రోజ్ మఠంలోని గ్రంథాలయాన్నే నేరస్థలం చేసింది.

భారతీయ భాషల్లో బెంగాలీ రచయిత శరదిందు బంద్యోపాధ్యాయ ఒక చేత్తో బ్యోంకేశ్ బక్షీ డిటెక్టివ్ కథలు, మరో చేత్తో చారిత్రక నవలలు రాశాడు. విజయనగరంలో రెండో దేవరాయల కాలంలో నడిచే తుంగభద్రార్ తీరే ఆయనదే. తమిళంలో కల్కి 1950 నుంచి 1954 వరకు ధారావాహికగా రాసిన పొన్నియిన్ సెల్వన్ నడుమ ఆదిత్య కరికాలుని హత్య ఉంది. ఆ హత్యలో ద్రోహులెవరో ఉడయార్‌గుడి శాసనం పేర్లతో సహా చెబుతుంది. 2022లో మణిరత్నం సినిమా వచ్చాక తెలుగు పాఠకుల్లోనూ ఆ నవల మీద ఆసక్తి పెరిగింది. ఇంగ్లీషులో మధులికా లిడిల్ షాజహాన్ కాలపు ఢిల్లీని, సుజాతా మాసీ 1920ల బొంబాయిని, హరిణి నాగేంద్ర 1921 నాటి బెంగుళూరును ఎంచుకున్నారు.

హైదరాబాదు రాజ్యం ఈ కోవకు ముందే ఒక పుస్తకం ఇచ్చింది. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ 1839లో ప్రచురించిన కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్, దారిదోపిడీ హంతకుడు అమీర్ అలీ తన నేరాలను తానే చెప్పుకునే కథ. టేలర్ దక్కనులో థగ్గుల విచారణలో పాల్గొన్నవాడు.

కంది, సంగారెడ్డి పరిసరాలు

హైదరాబాదు నుంచి పుణె వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య ఉన్న కంది, చారిత్రక మర్మ కథకు కావలసిన స్థలాల నడుమ ఉంది. సంగారెడ్డికి దగ్గరలోని కొండాపురంలో నిజాం పురావస్తు శాఖ 1940లలో తవ్వకాలు జరిపి శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు పెద్ద సంఖ్యలో వెలికితీసింది. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అక్కడే మ్యూజియం ఉంది. హిమబిందు చదివినవారు ఆ మ్యూజియం చూస్తే బాపిరాజు ఊహ ఎంతవరకు నేల మీద నిలిచిందో అర్థమవుతుంది.

పటాన్‌చెరు ఒకప్పటి పొట్టలకెరె. కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడికి అది రాజధానిగా ఉపయోగపడింది. జైన శిల్పాలు ఆ పరిసరాల్లో దొరికాయి. రాజు జైనం, రాణి సుగ్గలదేవి శైవం మధ్య జరిగిన వాదాల కథలు శైవ వాఙ్మయంలో నిలిచాయి. రాజభవనంలోనే రెండు మతాలు, మధ్యలో పందెం కాసిన వాదం — ఎకో చేతికి దొరికి ఉంటే నవల అయ్యేది. సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలు 2016లో మ్యూజియంగా మారింది, రూ.500 చెల్లించి ఒక రోజు ఖైదీలా గడిపే వీలు కూడా కల్పించారు. ఖైదీలు అంతకు ముందే కందిలోని కొత్త జైలుకు మారారు.

చదువు విషయంలోనూ ఈ ప్రాంతానికి చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయం తెరవాలన్నా, సభ పెట్టాలన్నా ప్రభుత్వ అనుమతి కోసం తిరగాల్సిన రోజుల్లో, 1930 మార్చిలో ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన 1920 నుంచి 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగా ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి జీవిత చరిత్ర రాశాడు. నగర పోలీసు అధికారి ఒక కాలాన్ని ఎలా చూశాడో తెలుసుకోవాలనుకునే నవలా రచయితకు అది మొదట చదవదగిన తెలుగు పుస్తకం. సామాన్యుల తిండి, దుస్తులు, వినోదాలు, నమ్మకాల కోసం ఆయనదే ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) ఉంది. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ గ్రంథం లేకుండా మధ్యయుగపు తెలుగు ఊరిని నమ్మకంగా రాయడం కష్టం.

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఎస్టేట్, 1972లో వచ్చిన ఇక్రిశాట్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఈ దారిలో వివిధ జిల్లాల జనాన్ని కలిపాయి. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలైన ఐఐటీ హైదరాబాద్ 2015లో కంది ప్రాంగణానికి మారడంతో, దేశంలోని అనేక భాషల పాఠకులు ఒకే ఊళ్ళో చేరారు. బ్యోంకేశ్ చదివిన బెంగాలీ, కల్కిని చదివిన తమిళుడు, బాపిరాజును చదివిన తెలుగువాడు ఒకరికొకరు పుస్తకం చెప్పుకోగల చోటు ఇది.

చదవడం, సూచించడం

పుస్తకం చేతికి వచ్చే దారులు కాలంతో మారాయి. 1901లో హైదరాబాదులో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలు చారిత్రక నవలకు నెలవులు. డిటెక్టివ్ నవలకు మాత్రం బస్టాండు బుక్‌స్టాలూ, అద్దె పుస్తకాల షాపూ ఆధారం. రోజు అద్దెకు పుస్తకం ఇచ్చే ఆ షాపు యజమాని, తిరిగి ఇస్తున్న పాఠకుడి ముఖం చూసి తరవాతి పుస్తకం తీసేవాడు. ఏ నవలకు చివరి పేజీలు చినిగాయో, ఏది సగంలో ఆపి తెచ్చేస్తున్నారో అతనికి తెలుసు. సమీక్షకులు పట్టించుకోని ఈ పుస్తకాలకు విమర్శకుడి పని చేసింది అతనే. ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయం పథకం ఇళ్ళకే పుస్తకాలు పంపి, రెండు రకాల నవలలనూ ఒకే గూట్లోకి చేర్చింది. టీవీ వచ్చాక అద్దె షాపులు మూతపడ్డాయి.

సూచించేవారు చూడవలసినవి రెండు. మొదటిది కాలం: పాత్రలు వాడే వస్తువులు, తినే తిండి ఆ రోజులకు తగినవేనా అన్నది. కాకతీయుల వంటింట్లో మిరపకాయ కనిపిస్తే రచయిత శ్రద్ధను శంకించాల్సిందే. అది పోర్చుగీసువారి రాక తరవాతి పంట. రెండోది న్యాయం: చివర విప్పిన రహస్యానికి కావలసిన ఆధారాలు ముందే పాఠకుడి కళ్ళ ముందు పెట్టారా అన్నది. తెలుగు చారిత్రక నవలలు మొదటి పరీక్షలో ఎక్కువగా నెగ్గి, రెండోదానిలో తడబడతాయి. రహస్యం తెలిసిన పాత్ర ఉన్నట్టుండి వచ్చి అంతా చెప్పేయడం వాటి పాత బలహీనత. వరుసగా చదవాలనుకునేవారు గోన గన్నారెడ్డితో మొదలుపెట్టి, హిమబిందు, నారాయణభట్టు మీదుగా విశ్వనాథకు వెళ్ళడం మేలు. గ్రాంథిక వాక్యం అలవాటు లేనివారికి మధ్యలో ఒక కొమ్మూరి నవల ఊపిరినిస్తుంది.

ఇటీవలి రచనల్లో బండి నారాయణస్వామి శప్తభూమి 18వ శతాబ్దపు అనంతపురం పాలెగాళ్ళ కాలాన్ని కింది కులాల వైపు నుంచి చూపింది. అమెరికాలోని తెలుగువారి సంస్థ తానా 2017 నవలల పోటీలో బహుమతినీ, 2019లో సాహిత్య అకాడమీ పురస్కారాన్నీ అందుకుంది. డిటెక్టివ్ నవల కాకపోయినా అందులో నేరం, శిక్ష, అధికారం ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. మన దేశంలో రచయిత మరణించిన తరవాత 60 ఏళ్ళకు హక్కుల గడువు తీరుతుంది. అందువల్ల బాపిరాజు నవలలను 2013 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. విశ్వనాథ 1976లో మరణించాడు కాబట్టి ఆయన నవలలకు ఆ వెసులుబాటు 2037లో వస్తుంది.